తుపాకీ కాల్పుల్లో పోయిన అమ్మ కోసం, నాన్న కోసం: ఒక స్మృతి కృతిని ఎలా తయారు చేయాలి

అమెరికాలో 2021లో తుపాకుల వల్ల 48,830 మంది మరణించారు. అందులో సగానికి పైగా ఆత్మహత్యలు, మిగిలినవాటిలో ఎక్కువ భాగం హత్యలు. ఆ మృతుల్లో ఎందరో తల్లులు, తండ్రులు ఉన్నారు. రాత్రి పొద్దుపోయేదాకా పెట్రోలు బంకులోనో, చిన్న దుకాణంలోనో, మోటెల్‌లోనో నిలబడి పని చేసే తెలుగు కుటుంబాలకు ఈ భయం కొత్తది కాదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతాలో, హైదరాబాదు నుంచి వెళ్లిన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒకడు జాతి ద్వేషంతో కాల్చి చంపినప్పుడు అది రెండు దేశాల్లోని తెలుగువారి ఇంటి విషాదమయింది.

ఇలా కన్నవారిని పోగొట్టుకున్న పిల్లల్లో చాలామందికి కొంతకాలం గడిచాక అమ్మ పేరు మీద ఏదైనా తయారు చేయాలని, నాన్న గురించి ఏదైనా రాయాలని అనిపిస్తుంది. అది పుస్తకం కావచ్చు, పాట కావచ్చు, పాత చీరలతో కుట్టిన బొంత కావచ్చు, గోడ మీది బొమ్మ కావచ్చు, న్యాయస్థానంలో చదివే రెండు పేజీల మాట కావచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది ముందు చూసుకోవాలో తెలియక ఆ కోరిక చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. ఆ పనిని ఒక వరుసలో చేసుకునే దారిని ఇక్కడ వివరిస్తున్నాను. అమెరికాలో ఉంటున్నవారినీ, తల్లి లేదా తండ్రి అక్కడ మరణించగా ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఉండిపోయిన పిల్లలనూ దృష్టిలో పెట్టుకొని రాశాను.

పనిలోకి దిగే ముందు ఒక కొలత మనసులో పెట్టుకోండి. మన ఊళ్లలో కనిపించే వీరగల్లుల్లో, అంటే పోరాటంలో చనిపోయిన వీరుల జ్ఞాపకంగా నిలిపిన రాళ్లలో, చాలావాటి మీద బొమ్మలు అరలు అరలుగా ఉంటాయి. అన్నిటికన్నా కింది అరలో పోరాటం, దాని పైన వీరుణ్ణి అప్సరసలు తీసుకుపోవడం, అన్నిటికన్నా పై అరలో అతడు దైవసన్నిధిలో కూర్చుని ఉండడం చెక్కి ఉంటాయి. మరణం ఎలా సంభవించిందో ఆ శిల్పి దాచలేదు, కానీ దానికి కింది అరను మాత్రమే ఇచ్చాడు. తుపాకీతో పోయిన మనిషి విషయంలో వార్తలు చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. యాభై ఏళ్లు బతికిన మనిషిని ఆ చివరి నిమిషంతోనే గుర్తుపెట్టుకునేలా చేస్తాయి. మీరు తయారు చేసేది ఏదైనా సరే, ఆ యాభై ఏళ్లకు పై అరలను తిరిగి ఇచ్చే పనిగా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. కింద చెప్పిన ప్రతి అడుగూ ఆ నమ్మకం మీదే నిలబడి ఉంది.

మొదటి అడుగు: మాయమైపోయేవాటిని ముందు కాపాడుకోండి

ఏం తయారు చేయాలో నిర్ణయించుకోవడానికి తొందర లేదు, ఏళ్లు పట్టినా పరవాలేదు. ముడిసరుకును కాపాడుకోవడానికి మాత్రం తొందర ఉంది. అమ్మ ఫోను నంబరును ఖర్చు తగ్గుతుందని వెంటనే రద్దు చేయకండి. నంబరు రద్దయితే ఆమె గొంతుతో ఉన్న వాయిస్‌మెయిల్ పలకరింపు కూడా పోతుంది. ఆమె మీకు వదిలిన సందేశాలు మాత్రం మీ వాయిస్‌మెయిల్‌లో ఉంటాయి కాబట్టి, వాటిని విడిగా ఫైళ్లుగా దాచుకునే వరకు మీరు కూడా ఫోను కంపెనీని మార్చకండి. వాట్సాప్ ఖాతాను 120 రోజుల పాటు ఎవరూ వాడకపోతే సాధారణంగా కంపెనీ దాన్ని తొలగిస్తుంది. అందుకని మీ ఫోనులో, మీ తోబుట్టువుల ఫోనుల్లో, ఊళ్లో ఉన్న పిన్ని, మేనమామల ఫోనుల్లో ఆమెతో సాగిన సంభాషణలను మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. ఉదయాన్నే పంపిన శుభోదయం బొమ్మలు పోయినా నష్టం లేదు గానీ, "తిన్నావా నాన్నా" అని అడిగిన అయిదు సెకన్ల వాయిస్ నోటు పోతే మళ్లీ దొరకదు.

తాళం పడిన ఫోనుకు పాస్‌కోడ్ ఊహించి మళ్లీ మళ్లీ కొట్టవద్దు. కొన్ని ఐఫోనుల్లో పదిసార్లు తప్పు పడితే లోపలి సమాచారమంతా చెరిగిపోయేలా అమరిక ఉంటుంది. తమ తరువాత ఖాతాను ఎవరు చూడవచ్చో ముందే చెప్పుకునే ఏర్పాటు యాపిల్‌లో లెగసీ కాంటాక్ట్ పేరుతో, గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ పేరుతో ఉంది. అందులో మీ పేరు వారు పెట్టి ఉంటే పని తేలిక. పెట్టకపోతే మరణ ధ్రువీకరణ పత్రంతో ఆ సంస్థలకు దరఖాస్తు చేసుకోవాలి, కొన్ని సందర్భాల్లో కోర్టు ఉత్తర్వు కూడా అడుగుతారు. చేతికందిన ప్రతిదానికీ మూడు కాపీలు ఉంచండి. రెండు వేర్వేరు రకాల నిల్వల్లో, అంటే ఒకటి హార్డ్ డిస్కులో, ఒకటి క్లౌడ్‌లో పెట్టి, మూడవదాన్ని వేరే ఊళ్లో ఉన్న నమ్మకమైన బంధువు ఇంట్లో దాచండి. చిన్న ఫొటోలను 600 డీపీఐలో (స్కానరు అమరికల్లో కనిపించే స్పష్టత కొలత అది) స్కాన్ చేసుకుంటే తరువాత పెద్దవిగా ముద్రించుకోవడానికి పనికివస్తాయి. ఫొటో వెనుక రాసిన తేదీ, స్టూడియో ముద్ర ఉంటే ఆ వైపును కూడా స్కాన్ చేయండి.

రెండవ అడుగు: పోలీసుల దగ్గర ఉన్న వస్తువులను గురించి అడగండి

హత్య కేసులో మృతుల ఒంటి మీది బట్టలు, ఫోను, పర్సు, కళ్లజోడు, కొన్నిసార్లు మంగళసూత్రం కూడా సాక్ష్యాలుగా పోలీసుల దగ్గరే ఉండిపోతాయి. విచారణ ముగిసి, అప్పీళ్లు తేలేవరకు అవి తిరిగి రాకపోవచ్చు, అంటే ఏళ్లు పట్టవచ్చు. అమెరికాలో చాలాచోట్ల ప్రభుత్వ న్యాయవాది కార్యాలయంలో బాధిత కుటుంబాల కోసం విక్టిమ్ అడ్వకేట్ అనే ఉద్యోగి ఉంటారు. ఏయే వస్తువులు వారి దగ్గర ఉన్నాయో జాబితా ఇమ్మని, కేసు ముగిశాక వాటిని ధ్వంసం చేయకుండా కుటుంబానికి అప్పగించమని ఆ ఉద్యోగికి రాతపూర్వకంగా ముందే తెలియజేయండి. నోటి మాటతో సరిపెట్టుకోవద్దు, ఎందుకంటే ఆ కుర్చీలోని మనిషి మారిపోయినా కాగితం మారదు.

వస్తువులు తిరిగి వచ్చినప్పుడు ఆ సంచిని మీరు ఒంటరిగా విప్పవద్దు. లోపల రక్తం మరకలున్న బట్టలు ఉండవచ్చు. కుటుంబానికి కాస్త దూరపు మనిషి, ఒక స్నేహితుడో స్నేహితురాలో, ముందుగా విప్పి చూసి, ఏమేమి ఉన్నాయో మీకు చెప్పి, మీరు చూడాలనుకున్నవి మాత్రమే మీ ముందుకు తేవాలి. వాచీ, కళ్లజోడు, తాళాల గుత్తి వంటివి తరువాత మీ కృతికి ప్రాణం పోస్తాయి. ఆ రోజున కట్టుకున్న బట్టలను కృతిలో వాడాలని నేను సలహా ఇవ్వను. అవి చూసేవారిని మళ్లీ ఆ నిమిషానికే లాక్కుపోతాయి.

మూడవ అడుగు: కేసు నడుస్తుంటే ఏది ఆపుకోవాలో తెలుసుకోండి

విచారణ పూర్తి కానంతవరకు కాల్పుల ఘటన వివరాలను, సాక్షుల మాటలను, నిందితుడి గురించి మీ అనుమానాలను ఎక్కడా ప్రచురించకండి. మీరు గాని మీ అన్నదమ్ములు గాని సాక్షులయ్యే అవకాశం ఉంటే, మీరు రాసిన కవితలోని ఒక వాక్యాన్ని కూడా నిందితుడి తరఫు న్యాయవాది ప్రశ్నగా మార్చవచ్చు. మీ తల్లి జీవితం గురించి రాయడానికి, బొమ్మ గీయడానికి సాధారణంగా అడ్డు ఉండదు. అయినా బహిరంగంగా పెట్టే ముందు ప్రభుత్వ న్యాయవాదిని ఒక మాట అడగడం మంచిది.

ఈ దశలోనే మీరు రాయగలిగిన, రాయవలసిన రచన ఒకటి ఉంది. నేరం రుజువయ్యాక, శిక్ష ఖరారు చేసే ముందు, ఆ హత్య తమ జీవితాన్ని ఏం చేసిందో న్యాయమూర్తికి చెప్పుకునే అవకాశం కుటుంబానికి ఉంటుంది. దాన్ని విక్టిమ్ ఇంపాక్ట్ స్టేట్‌మెంట్ అంటారు. ఫెడరల్, అంటే కేంద్ర చట్టాల కింద నడిచే కేసుల్లో 2004 నాటి చట్టం ఈ హక్కును ఇచ్చింది, రాష్ట్రాలకు వాటి వాటి నియమాలు ఉన్నాయి. ఫొటోలు చూపించవచ్చునా, వీడియో వేయవచ్చునా, పిల్లలు గీసిన బొమ్మ ఇవ్వవచ్చునా అనేవి కోర్టును బట్టి మారుతాయి కనుక విక్టిమ్ అడ్వకేట్‌ను ముందుగా అడగండి. ఇంగ్లీషులో మీ మనసు పలకకపోతే తెలుగులో రాసి అనువదింపజేసుకోండి. రెండు పేజీలు మించనివ్వకండి. గట్టిగా చదివి, ఏ వాక్యం దగ్గర గొంతు ఆగిపోతుందో గుర్తుపెట్టుకొని, అక్కడి నుంచి అందుకొని చదవడానికి మరొకరిని పక్కన ఉంచుకోండి.

ఇలాంటి మాట ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి ఒక ఉదాహరణ ఉంది. 2012 ఆగస్టు 5న విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఓక్ క్రీక్ గురుద్వారాలో జరిగిన కాల్పుల్లో పరమ్‌జీత్ కౌర్ అనే తల్లి మరణించింది. ఆమె కుమారుడు హర్‌ప్రీత్ సింగ్ సైనీకి అప్పుడు పద్దెనిమిదేళ్లు. మరుసటి నెలలోనే అతను అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు కూర్చుని, తన తల్లి ఎలాంటిదో, తన జీవితంలో రాబోయే ఏ శుభకార్యాలను ఆమె చూడలేకపోయిందో చెప్పి, ఆమె మరణాన్ని కనీసం ఒక లెక్కగానైనా గుర్తించమని అడిగాడు. అప్పటికి సిక్కులపై ద్వేష నేరాలను ఎఫ్‌బీఐ విడిగా లెక్కించేది కాదు. ఆ సంస్థ 2015 నుంచి సిక్కులపైన, హిందువులపైన, అరబ్బులపైన జరిగే ద్వేష నేరాలను విడివిడిగా నమోదు చేయడం మొదలుపెట్టింది. అది ఒక్కరి మాటతో జరిగింది కాదు, ఎన్నో సంఘాలు ఏళ్ల తరబడి పని చేశాయి. అయినా ఆ పనిలో ఒక కొడుకు తన తల్లి గురించి రాసుకొచ్చిన కాగితానికి గట్టి చోటు ఉంది.

నాలుగవ అడుగు: కృతి రూపాన్ని వారి చేతుల్లోంచి తీసుకోండి

"నాకు బొమ్మలు రావు, కవిత్వం రాదు" అని చాలామంది ఇక్కడ వెనక్కి తగ్గుతారు. మీకేం వచ్చు అన్న ప్రశ్నను కాస్త పక్కన పెట్టి, అమ్మ చేతులు ఏం చేసేవి, నాన్న సాయంత్రం పూట ఎలా గడిపేవారు అన్న ప్రశ్న వేసుకోండి. ఒక కాగితం మీద వారు క్రమం తప్పకుండా చేసిన పనులను రాయండి. ముగ్గు వేయడం, తోటపని, పాత పాటలు పాడటం, దుకాణం లెక్కలు రాయడం, ఆదివారం కారు కడగడం, ఊరికి ఫోను చేయడం, పెరుగు తోడుపెట్టడం వంటివన్నీ రాయండి. వాటిలో మీకు ఏ పని చేస్తుంటే వారు పక్కనే ఉన్నట్టు అనిపిస్తుందో అదే మీ కృతికి రూపం. చార్ల్‌స్టన్ నగరంలోని చర్చిలో 2015 జూన్ 17న జరిగిన కాల్పుల్లో తల్లి షరోండా కోల్‌మన్ సింగిల్టన్‌ను పోగొట్టుకున్న క్రిస్ సింగిల్టన్ అప్పట్లో బేస్‌బాల్ ఆటగాడు. అతను ఆ తరువాత చిన్న పిల్లలకు పుస్తకాలు రాసి, బడి బడికీ వెళ్లి మాట్లాడుతున్నాడు. అతని తల్లి హైస్కూలులో పిల్లలకు పరుగుపందేలు నేర్పిన కోచ్, చర్చిలో బోధకురాలు. ఆమె పిల్లల మధ్య చేసిన పనే కొడుకు చేతిలో మరో రూపంలో కొనసాగుతోంది.

అమ్మ వంట మీ జ్ఞాపకాల్లో ముందుంటే వంటల పుస్తకం చేయండి, కానీ అందరికీ తెలిసిన వంట విధానాలతో కాదు. ఆమె కొలతలను పట్టుకోవాలి. ఆమె బియ్యం కొలిచిన గ్లాసును తీసుకొని, దానిలో ఎన్ని గ్రాముల బియ్యం పడుతుందో, ఎన్ని మిల్లీలీటర్ల నీళ్లు పడుతాయో తూచి రాయండి. ఆమె ఆవకాయలో ఉప్పు, కారం, ఆవపిండి పాళ్లు చెప్పగలిగిన పెద్దమ్మనో అత్తయ్యనో పిలిచి, వారి చేత్తో వేయించి, ఆ పిడికిటి కొలతను తూకంలోకి మార్చండి. ఒక్కో వంట పక్కన ఆమె అది ఎప్పుడు వండేదో, ఎవరి కోసం వండేదో రెండు వాక్యాలు రాయండి. పదిహేను వంటలు చాలు.

చీరలతో బొంత కుట్టాలనుకుంటే కత్తెర పట్టే ముందు ప్రతి చీరనూ పూర్తిగా పరిచి ఫొటో తీయండి, ఎందుకంటే కోసినదాన్ని తిరిగి అతకలేము. తోబుట్టువులు ఒక్కొక్కరికి ఒక చీర కోయకుండా విడిచిపెట్టండి. ఆమె వాసన ఇంకా నిలిచి ఉన్న చీర ఒకటి ఉంటే ఉతకకుండా, గాలి చొరని డబ్బాలో దాచండి. నూలు చీరలను, పట్టు చీరలను ఒకే బొంతలో కలిపితే ఉతికినప్పుడు ఒకటి ముడుచుకుపోయి మరొకటి నిలిచి అంతా వంకరలు తిరుగుతుంది. నూలువాటితో కప్పుకునే బొంత కుట్టి, పట్టు అంచులను గోడకు తగిలించే పటంగా చేసుకోవడం మేలు. కొంగును మాత్రం ముక్కలు చేయకుండా నడిమధ్యలో ఉంచండి. కుట్టు వంకరగా వచ్చినా విప్పవద్దు. పదేళ్ల మనవరాలు వేసిన కుట్టు అని తెలిసేలా ఉండటమే దాని విలువ.

నాన్న మాటకారి అయితే ఆయన మాటలనే కృతిగా మార్చండి. వాయిస్ నోట్లను, పెళ్లి వీడియోల్లో వినిపించే ఆయన గొంతును, బంధువులు చెప్పిన సంగతులను కలిపి ఇరవై నిమిషాల శ్రవ్య కథనం చేయవచ్చు. ఉత్తరం రూపంలో, "నాన్నా" అని పిలుస్తూ రాయడం కూడా మంచి పద్ధతి. అమెరికాలో పుట్టి పెరిగి, తెలుగు మాట్లాడటం వచ్చినా రాయడం రాని పిల్లలు నాన్నతో ఏ భాషలో మాట్లాడుకున్నారో ఆ భాషలోనే రాయాలి. ఆయన తెలుగులో అన్న మాటలను మాత్రం ఒక బంధువు సాయంతో తెలుగు అక్షరాల్లోనే ఉంచండి.

తుపాకులనే కరిగించి మరొకటి చేసే కళారూపాలు కూడా ఉన్నాయి. మెక్సికోలోని కులియాకాన్‌లో పెద్రో రేయెస్ అనే కళాకారుడు 2008లో ప్రజలు అప్పగించిన 1,527 తుపాకులను కరిగించి, అన్నే పారలు చేయించి, వాటితో చెట్లు నాటించాడు. అమెరికాలో రాటూల్స్ అనే సంస్థ తుపాకులను తోటపని పనిముట్లుగా సాగగొడుతుంది. ఇంట్లో మిగిలిపోయిన తుపాకీని చూడలేని కుటుంబాలకు ఇది గౌరవప్రదమైన మార్గం. అయినా నాన్న గురించిన కృతిలో తుపాకీయే ముఖ్యపాత్ర కాకూడదని నా అభిప్రాయం. ఆయనకు తోట ఉండి ఉంటే ఆ పారతో ఆ తోటను సాగు చేయడం అర్థవంతంగా ఉంటుంది.

అయిదవ అడుగు: బంధువుల నుంచి జ్ఞాపకాలు సేకరించండి

"నాన్న ఎలాంటివారు" అని అడిగితే అందరూ "చాలా మంచివాడు" అనే చెబుతారు. ఒక వస్తువును చేతికిచ్చి అడగండి. ఈ వాచీ ఎప్పుడు కొన్నాడు, ఈ ఫొటోలో పక్కనున్నది ఎవరు, అమెరికా వెళ్లే రోజున విమానాశ్రయానికి ఎవరెవరు వెళ్లారు, మొదటి జీతంతో ఊరికి ఏం పంపాడు అని అడగండి. ఆయన కోపం గురించి, మొండితనం గురించి, తీర్చని అప్పు గురించి కూడా చెప్పనివ్వండి. హత్యకు గురైన మనిషిని దోషం లేని మనిషిగా చూపించాలన్న ఒత్తిడి అందరి మీదా ఉంటుంది. కానీ దోషాలన్నీ తీసేస్తే మిగిలేది ఎవరి తండ్రి అయినా కావచ్చు.

ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫ్యాను ఆపి, మాట్లాడేవారికి జానెడు దూరంలో ఉంచి రికార్డు చేయండి. గంటకు మించి సాగనివ్వకండి. అమెరికాలో ఉన్నవారికి స్టోరీకార్ప్స్ అనే సంస్థ ఉంది. ఇద్దరు దగ్గరివారు కూర్చుని నలభై నిమిషాలు మాట్లాడుకుంటే, వారి అనుమతితో ఆ రికార్డును అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రపరిచే ఏర్పాటు చేస్తుంది. ముందుగా అమ్మమ్మ, తాతయ్యల దగ్గరికి వెళ్లండి. బిడ్డను పోగొట్టుకున్న ముసలితల్లిని అడగడం కష్టమే, కానీ చాలామంది పెద్దలు అడిగేవారి కోసం ఎదురుచూస్తూ ఉంటారు.

ఆరవ అడుగు: మరణానికి ఎంత చోటు ఇవ్వాలో నిర్ణయించండి

మరణాన్ని పూర్తిగా దాచిపెడితే కృతి అబద్ధంలా తోస్తుంది. అది ఎక్కడ, ఎప్పుడు, ఎలా జరిగిందో రెండు మూడు వాక్యాల్లో సూటిగా చెప్పి ముందుకు సాగండి. కాల్చినవాడి పేరు, ఫొటో వాడవద్దు. 2012లో కొలరాడోలోని అరోరా సినిమా హాలులో కొడుకును పోగొట్టుకున్న టామ్, కేరెన్ టీవ్స్ దంపతులు, హంతకులకు ప్రచారం ఇవ్వవద్దని మాధ్యమాలను కోరుతూ ఒక ఉద్యమమే నడిపారు. వార్తాపత్రికల ఫొటోలకు వాటి హక్కుదారులు ఉంటారు కనుక అనుమతి లేకుండా వాటిని వాడకూడదు. అవి మీకు నిజంగా అవసరం కూడా కావు.

శ్రవ్య కథనంలో గాని వీడియోలో గాని తుపాకీ పేలిన చప్పుడు పెట్టకండి. కాల్పుల్లో మనిషిని పోగొట్టుకున్న ఇళ్లలో దీపావళి టపాసులకు, జూలై 4 బాణసంచాకు కూడా ఒళ్లు జలదరించేవారు ఉంటారు. మీ కృతిని చూడటానికి వచ్చేవారిలో వారే ఎక్కువమంది ఉంటారు.

తల్లి లేదా తండ్రి తుపాకీతో ఆత్మహత్య చేసుకొని ఉంటే ఈ అడుగు మరింత బరువుగా ఉంటుంది. మన ఇళ్లలో దాన్ని గుండెపోటు అనో ప్రమాదం అనో చెప్పి మూసివేయడం ఎక్కువ. బయటికి ఎంత చెప్పాలన్నది కుటుంబం నిర్ణయించుకోవలసిన విషయం. కానీ కృతిలో చెప్పదలిస్తే పద్ధతి వివరాలు, చివరి ఉత్తరంలోని మాటలు పెట్టకండి. ఒకే కారణం వల్ల ప్రాణం తీసుకున్నట్టు గాని, అక్కడితో బాధ తీరిపోయినట్టు గాని రాయకండి. అదే స్థితిలో ఉన్న మరొకరు దాన్ని చదవవచ్చు. జబ్బుతో పోయినవారిని ఎంత గౌరవంగా తలుచుకుంటామో అంత గౌరవంతోనే వారి జీవితాన్ని చెప్పండి.

ఏడవ అడుగు: పనిని, మనసును ఒక హద్దులో ఉంచుకోండి

వారానికి రెండు పూటలు, పూటకు గంటన్నర చొప్పున పని చేయడం మంచి పద్ధతి. పని ముగిశాక ఫొటోలు, బట్టలు పెట్టెలో సర్దేసి గది తలుపు వేయండి. సంవత్సరీకం నాటికే పూర్తి కావాలని గడువు పెట్టుకోకండి. ఆ మొదటి ఏడాదిలో మాసికాలు, కోర్టు తేదీలు, బీమా కాగితాలు చాలినంత ఒత్తిడి పెడతాయి. నిద్ర పట్టకపోయినా, కాల్పుల దృశ్యం పదే పదే కళ్ల ముందుకు వచ్చినా కొన్నాళ్లు ఆపి, శోకం విషయంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను కలవండి. అమెరికాలోని ప్రతి రాష్ట్రంలోనూ నేర బాధితుల పరిహార పథకం ఉంది. హత్యకు గురైనవారి అంత్యక్రియల ఖర్చులతో పాటు కుటుంబ సభ్యుల కౌన్సెలింగ్ ఖర్చును కూడా చాలా రాష్ట్రాలు కొంతవరకు భరిస్తాయి. దరఖాస్తుకు గడువు ఉంటుంది కనుక ఆలస్యం చేయవద్దు. మనసు మరీ చీకటిగా ఉన్న వేళ అమెరికాలో ఆత్మహత్య నివారణ సహాయ నంబరు 988కి, భారతదేశంలో మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ 14416కి ఏ సమయంలోనైనా ఫోను చేయవచ్చు.

చిన్నపిల్లలను ఈ పనిలోకి బలవంతంగా లాగవద్దు, దూరంగానూ ఉంచవద్దు. ఆరేళ్ల పిల్లకు ఒక అట్టపెట్టె ఇచ్చి, నాన్నవి అనిపించిన అయిదు వస్తువులు దానిలో పెట్టుకోమంటే చాలు. ఆ పెట్టె పూర్తిగా ఆ పిల్లది.

ఎనిమిదవ అడుగు: ఇంట్లోవారి అంగీకారం తీసుకోండి

ఒకే తండ్రి అయినా అన్నకు, చెల్లికి, భార్యకు ఒకలాంటివాడు కాదు. బయటికి తెచ్చే ముందు మొత్తం కృతిని కుటుంబానికి చూపించి, ఎవరికి ఏ భాగం ఇబ్బందిగా ఉందో అడగండి. ముఖ్యంగా బతికి ఉన్న తల్లి లేదా తండ్రి వద్దన్నది తీసివేయడమే ధర్మమని నేను అనుకుంటాను. నాన్న రాసిన డైరీలు, కవితల హక్కులు సాధారణంగా వారసులందరికీ చెందుతాయి కాబట్టి, ముద్రించాలంటే అందరి సంతకాలతో ఒక కాగితం రాసుకోండి. అమ్మకం వల్ల డబ్బు వచ్చే అవకాశం ఉంటే అది ఎక్కడికి వెళ్తుందో కూడా అందులోనే రాయండి.

తొమ్మిదవ అడుగు: కృతికి చోటు వెతకండి

కృతి ఇంట్లోనే ఉండిపోవాలనుకుంటే దానిలో తక్కువతనం ఏమీ లేదు. బయటికి తేవాలనుకుంటే అమెరికాలో ఇప్పటికే కొన్ని చోట్లు ఉన్నాయి. మాస్ డిజైన్ గ్రూప్ అనే వాస్తుశిల్ప సంస్థ, కళాకారుడు హ్యాంక్ విల్లిస్ థామస్ కలిసి, బాధిత కుటుంబాల సంఘాలతో రూపొందించిన తుపాకీ హింస స్మారకం 2019లో చికాగోలో మొదలైంది. అందులో నాలుగు గాజు ఇళ్లు ఉన్నాయి, ఒక్కో ఇంటికి 700 గాజు ఇటుకలు. అప్పట్లో అమెరికాలో వారానికి సగటున అంతమంది తుపాకులకు బలవుతుండేవారు. కుటుంబాలు ఇచ్చిన చిన్న వస్తువును ఒక ఇటుకలో పెట్టి, మృతుల పేరు, పుట్టిన ఏడాది, పోయిన ఏడాది దాని దగ్గర రాస్తారు. పసిపిల్లల బూటు నుంచి పట్టభద్రుల టోపీ కుచ్చు దాకా అందులో ఉన్నాయి. ఇచ్చేది చిన్నదే అయినా వదులుకోవడం కష్టం కనుక, ఒకేలాంటివి రెండు ఉన్న వస్తువును ఎంచుకోండి. పోర్ట్‌లాండ్‌లో మొదలైన సోల్ బాక్స్ ప్రాజెక్టు వేలాదిమంది చేత కాగితపు పెట్టెలు మడిపించి, 2021 అక్టోబరులో వాషింగ్టన్‌లోని నేషనల్ మాల్ మీద ప్రదర్శించింది. కాగితం మడవడం పిల్లలకు కూడా చేతనవుతుంది.

తేదీ విషయంలో రెండు దారులు ఉన్నాయి. జూన్ నెల మొదటి శుక్రవారం అమెరికాలో తుపాకీ హింసపై అవగాహన దినం. 2013 జనవరిలో చికాగోలో కాల్పులకు బలైన పదిహేనేళ్ల హదియా పెండిల్టన్ స్నేహితులు, వేటగాళ్లు ఒకరినొకరు కాల్చుకోకుండా తొడుక్కునే నారింజ రంగును తమ గుర్తుగా ఎంచుకున్నారు. ఆ రంగే ఈ దినానికి గుర్తయింది. ఆ రోజున గ్రంథాలయాలు, పాఠశాలలు ఇలాంటి ప్రదర్శనలకు చోటివ్వడానికి సిద్ధంగా ఉంటాయి. మీ కృతి వారి జీవితం గురించినదైతే పుట్టినరోజును ఎంచుకోవడం ఇంకా బాగుంటుంది. గుడి హాలులోనో తెలుగు సంఘం వేదిక మీదో చేస్తే, వక్తల జాబితా మీరే నిర్ణయిస్తారని ముందే మాట తీసుకోండి. శాలువాలు, దండల మధ్య అమ్మ పేరు వినిపించకుండా పోయే ప్రమాదం ఉంది.

గోడ మీద బొమ్మ వేయించాలనుకుంటే ఆ గోడ యజమాని నుంచి ఎన్నేళ్ల పాటు చెరపకుండా ఉంచుతారో రాయించుకోండి. ఫిలడెల్ఫియాలో 1984 నుంచి కుడ్యచిత్రాలు వేయిస్తున్న మ్యూరల్ ఆర్ట్స్ సంస్థ, పలుచని పారాచూట్ బట్ట ముక్కల మీద ఊరివారందరి చేతా రంగులు వేయించి, ఆ ముక్కలను తరువాత గోడకు అంటించే పద్ధతిని విరివిగా వాడుతుంది. నిచ్చెనలు ఎక్కలేని నాయనమ్మ కూడా బల్ల ముందు కూర్చుని కొడుకు చొక్కాకు రంగు వేయగలుగుతుంది.

పదవ అడుగు: తరువాతి వారికి అందేలా భద్రపరచండి

కృతి పూర్తయ్యాక దాని వెనుక గాని, చివరి పుటలో గాని, తల్లి లేదా తండ్రి పూర్తి పేరు, ఇంటిపేరు, పుట్టిన ఊరు, రెండు తేదీలు, కృతిని తయారు చేసినవారి పేర్లు, వాడిన వస్తువులు ఎవరివో రాయండి. బొంతను ఎండ తగలని చోట ఉంచి, మడత గీతల దగ్గర బట్ట చీకిపోకుండా ఏడాదికి రెండుసార్లు మడతలు మార్చండి. కాగితాలను, ఫొటోలను ఆమ్లం లేని కవర్లలో పెట్టండి. శ్రవ్య, దృశ్య ఫైళ్లను ఏడాదికి ఒకసారి తెరిచి అవి పలుకుతున్నాయో లేదో చూసుకోండి. ప్రదర్శనకు ఎవరైనా అడిగితే అసలు వస్తువును ఎన్నాళ్లకు ఇస్తున్నారో, పాడైతే బాధ్యత ఎవరిదో రాసుకున్న తరువాతే ఇవ్వండి. ఫొటో నకలుతో పని జరిగేచోట నకలే ఇవ్వండి. మీ తరువాత ఇది ఎవరి దగ్గర ఉండాలో తోబుట్టువులతో మాట్లాడుకొని, ఆ పేరును కూడా ఆ చివరి పుటలోనే రాసిపెట్టండి.